బాత్ దగ్గర మూతపడ్డ రైలు లైను: నాన్నగారితో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడవొచ్చు?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంటాం. వచ్చే నెల నాన్నగారు విజయవాడ నుంచి వస్తున్నారు. రైల్వేలో పీడబ్ల్యూఐగా (పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టర్‌గా) చేసి రిటైరయ్యారు. బాత్ నుంచి బోర్న్‌మత్ వెళ్లిన పాత సోమర్సెట్ అండ్ డార్సెట్ లైను ఆనవాళ్లు చూడాలని ఆయన కోరిక. లైను పొడవునా నడవొచ్చా? సొరంగాల్లోకి వెళ్లనిస్తారా? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి, అదే నా టెన్షన్.

జవాబు: లైను పొడవునా కుదరదండి. 1966 మార్చిలో మూసేశాక పట్టాలు పీకేశారు. కట్ట చాలాచోట్ల ప్రైవేటు స్థలాల్లో కలిసిపోయింది. బాత్ వైపు భాగం మాత్రం నిశ్చింతగా నడవొచ్చు. టూ టన్నెల్స్ గ్రీన్‌వే పేరుతో 2013లో తెరిచారు. టికెట్ లేదు, సొరంగాల్లో లైట్లున్నాయి.

మోకాళ్ల సంగతి చెప్పారు కాబట్టి బాత్‌లో మొదలుపెట్టకండి. అటు నుంచి 1 ఇన్ 50 ఎక్కుడు, అంటే 50 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు ఎత్తు. నాన్నగారికి ఆ అంకె చెబితే చాలు, మిగతాది ఆయనే చెబుతారు! కారులో మిడ్‌ఫర్డ్ దగ్గర దింపి బాత్ వైపు నడిపించండి. ముందు కూమ్ డౌన్ సొరంగంలో 1 ఇన్ 100 ఎక్కుడు, అది దాటాక దిగుడే. దాదాపు 6 కిలోమీటర్లు ఉంటుంది.

కూమ్ డౌన్ పొడవు 1,672 మీటర్లు. ఒకే లైనుకు తవ్విన ఇరుకు సొరంగం, మధ్యలో గాలి గొట్టం ఒక్కటీ లేదు. 1929లో ఒక గూడ్సు బాత్ వైపు వస్తూ ఇందులో మెల్లగా ఎక్కుతుంటే పొగకు డ్రైవరూ ఫైర్‌మనూ స్పృహ తప్పారు. బండి ఎలాగో బయటపడి, ఆ దిగుడులో ఆపేవాళ్లు లేక బాత్ యార్డులోకి దూసుకెళ్లింది. డ్రైవరు, యార్డులో ఉన్న మరో ఇద్దరు చనిపోయారు. లోపల నడిచేటప్పుడు ఆయనకు ఈ సంగతి చెప్పండి, ఆ గోడల మసి వేరుగా కనిపిస్తుంది. ఎండాకాలంలోనూ లోపల చలే, స్వెటర్ మర్చిపోవద్దు.

మరో జవాబు: వెళ్లే ముందు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్లో పాత మ్యాపును, ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పుడు చెట్ల వరసలా కనిపించేది పాత మ్యాపులో రైలు కట్ట అని ఇట్టే తెలిసిపోతుంది. బాత్‌లో గ్రీన్ పార్క్ స్టేషన్ పైకప్పు ఇంకా నిలిచే ఉంది, అదీ చూపించండి.

ప్రశ్న: థాంక్సండి. షెప్టన్ మాలెట్ దగ్గర విండ్సర్ హిల్ సొరంగాల వీడియోలు చూశాను. వాటిలోకి కూడా వెళ్లొచ్చా?

జవాబు: నడకదారిగా అధికారికంగా తెరిచారని తేలితే తప్ప దయచేసి వద్దండి. వాడకంలో లేని సొరంగంలో ఎప్పుడు ఏ ఇటుక ఊడుతుందో తెలీదు. పైగా ఇలాంటి చోట్ల గబ్బిలాలు ఉంటాయి, వాటిని కదిలిస్తే ఇక్కడి చట్టం ప్రకారం నేరం. షెప్టన్ మాలెట్ దాకా వెళ్తే చార్ల్‌టన్ వయాడక్టు (కమానుల మీద కట్టిన పొడవాటి రైలు వంతెన) చూపించండి. 27 కమానులు, కిందనున్న కిల్వర్ కోర్ట్ వైపు నుంచి బాగా కనిపిస్తుంది. నాన్నగారిని ఈ లైను పట్టాల మీద నిలబెట్టాలంటే మిడ్సమర్ నార్టన్ స్టేషన్ ఉంది, అభిమానులే మళ్లీ కట్టుకున్నారు. అన్ని రోజులూ తెరిచి ఉండదు, తేదీ చూసుకుని వెళ్లండి.