సమస్యాపూరణం: చేయి కదలిన బొమ్మయే చెలువు గాంచె

నిర్వాహకులు: ఈ వారం సమస్య «చేయి కదలిన బొమ్మయే చెలువు గాంచె». కెమెరాను కావాలనే కదిలించి తీసే నలుపు తెలుపు ప్రకృతి చిత్రాల మీదే పూరణ సాగాలి.

నిలువుగీత:
నిలువు మానుల వెంబడి నేలదాఁక
మెల్లఁగ నరసెకను లెన్సు మీఁదినుంచి
దింపఁ గొమ్మలు కరఁగఁగఁ దేలె మాను;
చేయి కదలిన బొమ్మయే చెలువు గాంచె

గురులఘువు: మూడో పాదానికి నమస్కారం. చెయ్యి మాను వెంటే దిగింది కనుక నిలువు అంచు తన మీద తానే పడి నిలుస్తుంది, అడ్డకొమ్మ చెరిగిపోతుంది. «నేలదాఁక» అన్నదీ ఊరికే వేసిన మాట కాదు. షట్టరు నొక్కకముందే చెయ్యి బయల్దేరాలి, మూసుకున్నాకే ఆగాలి. నడుమ ఆగితే గీత చివర ముద్ద కడుతుంది.

కాంతిరేఖ: పద్యం బాగుంది, అరసెకను ఎక్కణ్ణుంచి వచ్చింది? మంచి ఎండలో ఐఎస్ఓ (బొమ్మ పట్టే సెన్సరు కాంతికి స్పందించే తీరు) 100, ఎఫ్/16 (లెన్సు రంధ్రం కొలత) పెడితే షట్టరు సెకనులో 1/100 వంతు దగ్గర పలుకుతుంది. అరసెకనుకు దింపాలంటే ఆరు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టరు, అంటే లెన్సు ముందు పెట్టే నల్లటి అద్దం, కావాలి. పద్యంలో దాని ఊసే లేదు. పోయినసారి మీ మిట్టమధ్యాహ్నపు సరస్సు పూరణలోనూ ఇదే లోటు. ఆ చిత్రం తీస్తే తెల్లకాగితమే మిగులుతుంది.

నిలువుగీత: ఆ సరస్సును ఇంకా వదల్లేదా కాంతిరేఖ గారూ! ఇది అడవి. దట్టమైన నీడలో వెలుతురు మూడు స్టాపులైనా తగ్గుతుంది, మిగతాదానికి మూడు స్టాపుల ఫిల్టరు చాలు. పోలరైజరు ఫిల్టరైనా దాదాపు రెండు స్టాపులు తింటుంది, పైగా ఆకుల తళుకు పోతుంది. తళుకు ఉంటే ప్రతి ఆకూ ఒక తెల్లగీరే. మీ పూరణ ఏదీ?

కాంతిరేఖ:
కడలి యంచునుఁ బట్టుచుఁ గడకుఁ జరప
నలుపు తెలుపుల పట్టీలు నాల్గు దేరె;
రాతి మొన లేదు, నురుగుల రవము లేదు;
చేయి కదలిన బొమ్మయే చెలువు గాంచె

గురులఘువు: ఎత్తుగడ నచ్చింది. మూడో పాదం యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) దగ్గర ఆగాను. రాయి అసలు ఱాయి. శకటరేఫకు (ఱ) మామూలు రేఫతో (ర) మైత్రి పాతవారు ఒప్పరు, ఇప్పటివారు పట్టించుకోరు. అది వదిలేసినా, బొమ్మలో చప్పుడు ఎలాగూ ఉండదు కదా, «రవము» యతి కోసం లాక్కొచ్చిన మాట. «నురుగుల రాశి లేదు» అంటే సరిపోయేది.

నిలువుగీత: నాలుగు పట్టీలు విడివడ్డాయన్నది ఈ పూటకు మేలైన మాట. రంగులో విడిగా కనిపించే నీరూ ఇసుకా బూడిదరంగులో ఒక్కటైపోయే ప్రమాదం ఉంది. రా ఫైలులో (కెమెరా మార్చకుండా దాచిన బొమ్మలో) నీలాన్ని కిందికి లాగి, పసుపును పైకి నెడితే విడిపోతాయి. అదీ ఛాయలు ఎక్కువుండే పదహారు బిట్లలో. ఎనిమిదింటిలో లాగితే నున్నటి పట్టీ మెట్లుమెట్లుగా విరుగుతుంది. ఇంకో చిక్కు ధూళి. కెమెరా ఎంత కదిలినా సెన్సరును అంటుకున్న ధూళి దానితోనే కదులుతుంది కనుక చెరగదు. రంధ్రం బాగా చిన్నదైన ఎఫ్/22లో పట్టీ మీద నల్లచుక్కై కూర్చుంటుంది.

గాలిపటం:
గాలి కొమ్మకుఁ జేతులఁ గదలఁజేసె,
కదలలేదు ముక్కాలిపై గాజుకన్ను;
మూఁత తెఱచిన సెకనులో ముసిరె నీడ;
చేయి కదలిన బొమ్మయే చెలువు గాంచె

కాంతిరేఖ: చమత్కారం గొప్పది! చేయి ఎవరిదో సమస్య చెప్పలేదు మరి.

నిర్వాహకులు: నేను చెప్పాను. కెమెరా కదలాలి. ముక్కాలి (ట్రైపాడ్) మీద స్థిరంగా ఉంచి కొమ్మను చెరిపితే అది వేరే పద్ధతి. రెండో పాదం మార్చండి.

గాలిపటం: «కదలెఁ గొమ్మతోఁ గూడియుఁ గాజుకన్ను» అంటే?

గురులఘువు: గణాలు కుదిరాయి, దృశ్యం కుదరలేదు. కొమ్మతో కలిసి కదిలితే కొమ్మే స్పష్టంగా నిలిచి వెనకంతా చెరుగుతుంది. మరి ముసిరిన నీడేదీ?

నిలువుగీత: «కదలెఁ గొమ్మ కెదురుగాను గాజుకన్ను» అనండి. రెండు కదలికలూ కలిసి చెరుపు పెరుగుతుంది. స్టెబిలైజేషన్ ఆపడం మరవకండి, అది చేతి కదలికను ఎదిరిస్తుంది. అప్పుడు సెకను మరీ ఎక్కువ, పావు చాలు. మూడో పాదంలో «సెకనులో» బదులు «క్షణములో» వేసుకోండి.

గురులఘువు: «తెఱచిన క్షణములో»: క్ష వల్ల ముందున్న న గురువైంది. నలం (నాలుగు లఘువులు) పోయి నగం (మూడు లఘువులు, ఒక గురువు) వచ్చింది, అదీ ఇక్కడ పడాల్సిన ఇంద్రగణమే. చెల్లుతుంది.