ప్రభుత్వ ల్యాబుల పరిశోధనను కంపెనీలకు ఇవ్వాలా, వద్దా?

కోనసీమ కొబ్బరి (అంబాజీపేట)
కాయ ధర పడిపోయిన ప్రతిసారీ అధికారులు చెప్పేది ఒకటే: కాయగా అమ్మకండి, సరుకుగా మార్చి అమ్మండి. ఆ మాట నమ్మి ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థకు ఫీజు కట్టి, కొబ్బరి నీళ్లు నిల్వ ఉంచే పద్ధతికి లైసెన్సు తీసుకున్నాను. వాళ్ల ల్యాబులో సీసాలో పోసినవి చక్కగా నిలిచాయి. నా షెడ్డులో పెద్ద ట్యాంకు నింపితే రంగు మారి పులిసిపోయాయి. ఫోను చేస్తే, కాగితాలు అప్పగించడంతో తమ పని అయిపోయిందన్నారు. బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు.

పరిశోధన పరిశ్రమగా మారాలి, ఇక్కడి పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలు రావాలి. గేదె పాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతిని మైసూరులోని ప్రభుత్వ ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కనిపెడితే అమూల్ దాన్ని దేశమంతా అమ్మింది. మనకు అలా ఎందుకు జరగదు? కంపెనీలను దగ్గరకు రానివ్వండి. అంతకంటే ముందు, పెద్ద ఎత్తున పనిచేస్తుందని చూపించే పూచీ ల్యాబు మీద పెట్టండి.

చేలగట్టు (పెనుమంట్ర మండలం)
అమూల్ కంపెనీ కాదు. రైతుల సహకార సంఘం.

మా మండలంలోనే మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. 1982లో అక్కడి నుంచి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, విడుదలైంది. ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా వెళ్లింది. ఎవరికి లైసెన్సు ఇచ్చారు? ఒక రైతు దగ్గర గింజ ఇంకో రైతు తీసుకుని సార్వాలో ఊడ్చాడు, అంతే. 2000లో విడుదలైన కాటన్‌దొర సన్నాలు కూడా అలాగే వ్యాపించాయి. ఎన్ని రైసు మిల్లులు వాటి మీద బతికాయో లెక్క వేయండి. ఆర్థికాభివృద్ధి అంటే అది కాదా?

ఉప్పుటేరు (భీమవరం)
రొయ్యల సంగతి కూడా చూడండి. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య పెంపకానికి అనుమతి ఇచ్చాక తల్లి రొయ్యలను అమెరికా నుంచి దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. మన తెల్ల రొయ్య మీద చెన్నైలోని ప్రభుత్వ ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబాలో పని జరుగుతోంది, కానీ మా చెరువుల వరకు అది రావడం లేదు.

కోనసీమ కొబ్బరి
చేలగట్టు గారూ, అమూల్ సంఘమా కంపెనీయా అన్నది నా ప్రశ్న కాదు. వడ్లు చేలో వేస్తే మళ్లీ వడ్లే వస్తాయి, పద్ధతి దానంతట అదే మొలకెత్తదు. యంత్రం కావాలి, పెట్టుబడి కావాలి, నష్టం వస్తే భరించేవాడు కావాలి.

చేలగట్టు
మీరే తెచ్చిన ఉదాహరణ అది. లాభం సభ్యులకు పంచే సంఘానికి ఇవ్వడం, ఒక్క యజమానికి ఇవ్వడం ఒకటేనా?

పాత శాస్త్రజ్ఞుడు (రాజమహేంద్రవరం)
ఇద్దరూ పక్కదారిలో ఉన్నారు. నా ఉద్యోగమంతా ల్యాబులోనే గడిచింది. ప్రమోషన్ వచ్చేది వ్యాసాలు చూసి. ఒక రైతు షెడ్డులో నెలల తరబడి నిలబడి పరికరం సరిచేస్తే దానికి మార్కులు లేవు. నేను అలా నిలబడ్డాను, నాకంటే చిన్నవాళ్లు నాకు పై అధికారులయ్యారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

స్వరాజ్ ట్రాక్టరు డిజైను దుర్గాపూర్ ప్రభుత్వ ల్యాబులో పుట్టింది. దాన్ని తయారు చేయడానికి 1970లో పంజాబ్ ప్రభుత్వం ముందుకొచ్చి ఒక సంస్థనే పెట్టింది. మధ్యలో నష్టం భరించే ఆ చెయ్యి లేకపోతే ఏ డిజైను అయినా బీరువాలోనే ఉంటుంది.

కోనసీమ కొబ్బరి
నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా! చేలగట్టు గారికి వ్యాపారం చేసేవాడంటేనే గిట్టదు.

చేలగట్టు
గిట్టదు, నిజమే. కారణం ఉంది. నేను కౌలు రైతును. పరిశోధన అని సంచి మీద అచ్చువేసి ఒక కంపెనీ అమ్మిన విత్తనం కొన్నాను. చేలో సగం ముందే ఈనింది, సగం పచ్చిగా నిలబడింది. డీలరు కంపెనీని చూపించాడు, కంపెనీ వాతావరణాన్ని చూపించింది. చివరికి వచ్చిన కాస్త పరిహారం భూమి యజమాని ఖాతాలో పడింది. మీ ట్యాంకు పులిసిందని మీరు ల్యాబును అడుగుతున్నారు. నేనెవరిని అడగాలి?

ఉప్పుటేరు
ఇద్దరిదీ ఒకే నష్టం. ఎందుకు కొట్లాడుకుంటున్నారు?

చేలగట్టు
ఒకటి కాదు. ఆయనకు ల్యాబు ఇంకా వేగంగా ఇవ్వాలి. నా భయం వేరు. రేపు ల్యాబుల పనిని లైసెన్సు ఫీజుతో కొలవడం మొదలుపెడితే, రైతు సొంతంగా దాచుకునే విత్తనం మీద ఎవరు పనిచేస్తారు? స్వర్ణ సబ్-1 రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. మురుగు కాలువ ఎగదన్నిన ఏడాది అలాంటి వంగడమే మమ్మల్ని నిలబెడుతుంది. దాన్ని ఏ విత్తన కంపెనీ తయారు చేయలేదు. ఏటా కొత్తగా కొనాల్సిన అవసరం లేని గింజతో కంపెనీకి ఏం పని? విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం వంగడాల రక్షణ, రైతు హక్కుల మీద వచ్చిన 2001 చట్టం నాకు ఇచ్చిన హక్కు. ఆ హక్కు కాగితం మీద ఉండి, దాచుకోదగ్గ కొత్త వంగడమే రాకపోతే నేనేం చేసుకోవాలి?

పాత శాస్త్రజ్ఞుడు
ఇది ముందే రాసి ఉంటే ఇంత రగడ ఉండేది కాదు. ఆ భయం నాకూ ఉంది. ఆదాయం చూపించమన్న ఒత్తిడి వచ్చినప్పుడు మొదట ఆగిపోయేవి పదేళ్లు పట్టే పనులే.

కోనసీమ కొబ్బరి
ఫీజు వచ్చే పనికే జీతం అంటే నేనూ ఒప్పుకోను, అది రాసిపెట్టుకోండి. వరికి డబ్బు తగ్గించమని నేనెప్పుడూ అనలేదు. కానీ మారుటేరు వాళ్లు కొత్త వంగడాన్ని విడుదలకు ముందు రైతులకు చిన్న విత్తన సంచులు ఇచ్చి వాళ్ల పొలాల్లో పరీక్షిస్తారు. నా ట్యాంకుకు అలాంటి పరీక్ష ఎవరు చేశారు?

చేలగట్టు
చేయాలి. అది ప్రభుత్వ ఖర్చుతోనే చేయాలి. చేసిన తర్వాత పద్ధతి మీ ఒక్కరికే కాకుండా, అడిగిన ప్రతి రైతు సంఘానికీ ఇవ్వాలి. దానికి ఒప్పుకుంటారా?

కోనసీమ కొబ్బరి
అప్పు తీర్చాల్సింది నేను. మొదటి మూడేళ్లు నాకు ఇచ్చి, తర్వాత అందరికీ ఇవ్వనివ్వండి.

చేలగట్టు
ఒక్క ఏడాది కూడా ఒప్పుకోను.