అప్‌డేట్: అబ్రాము నమ్మకం, నిబంధన గురించి అడిగాను కదా

పోయిన వారం నా ప్రశ్న ఇది: బైబిల్లో ఆదికాండం 15లో అబ్రాము (తర్వాత అబ్రాహాము) దేవుణ్ణి నమ్మాడు అంటే మనసులో ఒప్పుకున్నాడనేనా? అదే అధ్యాయంలో దేవుడు అతనితో నిబంధన, అంటే ఒప్పందం, చేసేటప్పుడు జంతువులను నరకడం ఎందుకు?

జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. రెండో ప్రశ్న నాకు బాగానే తేలిపోయింది. హీబ్రూలో నిబంధన 'చేయడం' కంటే 'కోయడం' అనే మాటే ఎక్కువ వాడతారట, కారత్ బెరీత్ అని. పెయ్య, మేక, పొట్టేలు, ఒక్కోటి మూడేళ్లది, రెండుగా చీల్చి ఎదురెదురుగా పెట్టారు. పక్షులను మాత్రం చీల్చలేదు. ఆ ముక్కల మధ్య నడవడమంటే, మాట తప్పితే నాకూ ఇదే గతి అని ఒప్పుకోవడం. యిర్మీయా 34:18 చదివాక ఇక అనుమానం లేదు. కానీ ఇక్కడ అబ్రాము నడవలేదు, గాఢనిద్రలో ఉన్నాడు! ముక్కల మధ్య వెళ్లింది పొగలేచే పొయ్యి, మండే దివిటీ. అవి దేవుని సన్నిధికి గుర్తు, అంటే పూచీ అంతా దేవుడే నెత్తిన వేసుకున్నాడు. ఇన్నిసార్లు చదివినా ఇది నా కంట పడలేదు.

'నమ్మాడు' సంగతికొస్తే, హీబ్రూలో ఆ క్రియ, ఎమునా (నమ్మకం, నిలకడ అనే మాట), మనం రోజూ అనే ఆమెన్, మూడూ ఒకే ధాతువు. నిర్గమకాండం 17:12లో అహరోను, హూరు పట్టుకున్న మోషే చేతులు సాయంత్రం దాకా 'ఎమునా'గా ఉన్నాయి, అంటే నిలకడగా. చేతులకు సిద్ధాంతాలుండవు కదా! కాబట్టి నమ్మడమంటే మనసులో ఒప్పుకోవడం మాత్రమే కాదనిపిస్తోంది.

ఇప్పుడు హబక్కూకు 2:4 మళ్లీ చదువుతున్నాను. నీతిమంతుడు తన 'ఎమునా' వల్ల బ్రతుకుతాడని ఉంది అక్కడ; అది విశ్వాసమా, విశ్వసనీయతా అన్నది ఇంకా తేల్చుకోలేదు.