ఏడాది వాడిన సెడాన్: కొత్తదాని ధరలో ఎంతకు దిగితే న్యాయం?

కొనబోయేవాడు
పద్నాలుగు నెలలు తిరిగిన సెడాన్, మీటర్ మీద 16,000 కిలోమీటర్లు. అదే వేరియంట్ కొత్తది 100 అనుకుంటే దీనికి 85 అడుగుతున్నారు. ఐదేళ్ల లోన్ మీద కొనాలి. ఈ ధర న్యాయమేనా, కొత్తదే మేలా?

లెక్కలమాస్టారు
ముందు ఆ 100 ఎక్కడిదో తేల్చండి. కంపెనీ జాబితా ధరతో పోల్చి సెకండ్ హ్యాండ్ బండి చవక అనుకోవడమే అందరూ చేసే తప్పు. ముగ్గురు డీలర్ల దగ్గర ఒకే వేరియంట్‌కి రాతపూర్వక కొటేషన్ తీసుకోండి. బండి ధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు వేర్వేరు వరుసల్లో ఉండాలి. డిస్కౌంట్ పోగా 93కి వచ్చిందనుకోండి, మీకు మిగిలే తేడా 15 కాదు, 8.

ఆ ఎనిమిదిని కూడా వడ్డీ మింగేస్తుంది. కొత్త బండికి 9 శాతం, వాడిన బండికి 13 శాతం పడిందనుకుందాం. కొత్తదానికి 18 చేతి నుంచి కట్టి 75 అప్పు తీసుకుంటే ఐదేళ్లలో మొత్తం 111.4 అవుతుంది. పాతదానికి 17 కట్టి 68 అప్పు తీసుకుంటే 109.8. నెల కిస్తీ దాదాపు ఒకటే. పైగా వారంటీలో పద్నాలుగు నెలలు అప్పుడే కరిగిపోయాయి, ఎందుకంటే అది మొదటి అమ్మకం తేదీ నుంచి నడుస్తుంది. 85కి అయితే కొత్తదే కొనండి.

గేర్‌బాక్స్
లెక్క సరైనదే, కానీ 85 దగ్గర ఆగిపోయి వేశారు. అది అడిగిన ధర మాత్రమే. 78కి దింపి చూడండి: అదే 17 చేతి డబ్బు, 61 అప్పు, అదే 13 శాతం. మొత్తం 100.3. పదకొండు తేడా చిన్నదేమీ కాదు. ధర పడిపోవడం మొదటి ఏడాదిలోనే ఎక్కువ, ఆ దెబ్బ మొదటి ఓనర్ తినాలి, మీరు కాదు. 80 దాటితే లేచి వచ్చేయండి.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 7 శాతం అని చెబితే ఫ్లాటా (మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), తగ్గే బాకీ మీదా (ఇంకా మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని అడగండి. ఐదేళ్లకు 7 శాతం ఫ్లాట్ అంటే తగ్గే బాకీ లెక్కలో దాదాపు పన్నెండున్నర. "నెలకు ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పారో, బేరం అక్కడితో సరి. ఐదేళ్లను ఏడేళ్లు చేసి కిస్తీ తగ్గించి చూపిస్తారు. 10 శాతం మీద వంద అప్పుకు వడ్డీ 27 నుంచి 39కి పోతుంది. మొత్తం ధర కుదిరాకే లోన్ మాట ఎత్తండి. మీ పాత బండి ఇచ్చేది ఉంటే దాని ధర వేరే కాగితం మీద రాయించుకోండి.

బోనెట్‌కింద
ఇద్దరూ శాతాల దగ్గరే ఆగారు. బండి చూడకుండా 78 అయినా ఎక్కువే కావచ్చు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2224 అంటే 2024లో 22వ వారం తయారీ. బండి తయారైన నెలకు ముందు తేదీలు ఉండాలి. 16,000కే నాలుగూ కొత్త టైర్లయితే మీటర్ వెనక్కి తిప్పారేమో అనుమానించాలి. సర్వీసు బిల్లుల మీది రీడింగ్‌లు వరుసగా రాసుకుని చూడండి.

రంగు మందం కొలిచే మీటర్ పట్టుకెళ్లండి. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 160 మైక్రాన్లు. డోర్ మీద 250 వస్తే మళ్లీ రంగు కొట్టారు, 500 దాటితే కింద లప్పం ఉంది. డోర్ గీతకి రంగు కొట్టడం తప్పేమీ కాదు, దాన్ని ధరలో తగ్గించుకుంటే చాలు. పిల్లర్ (రూఫ్‌ని మోసే స్తంభం) మీదో రూఫ్ మీదో లప్పం తగిలితే మాత్రం బేరమే వద్దు. ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) బోల్టుల తలల మీద స్పానర్ గీతలున్నాయా, రంగు చెదిరిందా అన్నదీ చూడండి; ఉంటే ఆ రేకు ఒకసారి విప్పారన్నమాట.

సీటు బెల్ట్ చివరిదాకా లాగండి. నీళ్లలో మునిగిన బండిని ఎంత కడిగినా లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మీద బురద మరక తరచూ మిగిలిపోతుంది.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌కి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షల స్థితి, చదవండి. సగానికి పైగా పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే ఫాల్ట్ కోడ్‌లు (కంప్యూటర్ దాచుకున్న లోపాల గుర్తులు) చెరిపేశారు, లేదా బ్యాటరీ విప్పారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి.

లెక్కలమాస్టారు
78కి, ఈ పరీక్షలన్నీ దాటితే, నేనూ ఒప్పుకుంటాను. కొత్తదాని వైపు వెళ్లేవారూ తయారీ నెల అడగండి. యార్డులో ఏడాది పడున్న బండికి బ్యాటరీ బలహీనపడుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు తయారీ సంవత్సరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. దానికి తగ్గ డిస్కౌంట్ ఇవ్వకపోతే వద్దు.

కొనబోయేవాడు
తయారీ ఆగస్టు 2024. మూడు టైర్ల మీద 2224, ముందు ఎడమవైపు దాని మీద 0925.

బోనెట్‌కింద
ఒక్కటే మారింది కాబట్టి మీటర్ అనుమానం తగ్గింది. పక్కగోడ కోసుకుపోయి ఉండొచ్చు, గుంతలో గట్టిగా తగిలి ఉండొచ్చు. లిఫ్ట్ ఎక్కించి ఆ చక్రం రిమ్ లోపలి అంచు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి), టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) వంగాయేమో చూపించండి. అలైన్‌మెంట్ ప్రింట్ తీయించండి. ఎడమ, కుడి క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం) అంకెలు కంపెనీ పరిమితుల్లో ఉంటే ఒక జత టైర్ల ధర తగ్గించమని అడగండి. లేకపోతే సస్పెన్షన్ ఖర్చు రాతపూర్వకంగా తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.