జాతమన్నదా, జాతియన్నదా? గురజాడ లైను ఒకటి తేల్చండి

అనువాదాల అవస్థ:
పెద్దలందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం ఒక పాఠం రాసిపెడుతున్నా, బహుళ జాతుల దేశాలు సమాఖ్య (ఫెడరల్) పద్ధతికి ఎందుకు వెళ్తాయి అని. ఇండియా, స్విట్జర్లాండ్ అందరూ అరగదీసేశారని ఇథియోపియా తీసుకున్నా, అక్కడే ఇరుక్కున్నా. వాళ్ళ 1995 రాజ్యాంగం ఎత్తుకోవడమే "మేము, ఇథియోపియా నేషన్స్, నేషనాలిటీస్, పీపుల్స్" అని ఎత్తుకుంటుంది. మూడింటికీ నా చేతికి వస్తున్నది ఒక్కటే మాట, జాతి. అలా నలుగుతుంటే గురజాడ దేశభక్తి గుర్తొచ్చింది, "అన్నదమ్ముల వలెను జాతులు / మతములన్నియు మెలగవలెనోయ్", పాఠం నెత్తిన పెడితే బాగుంటుంది కదా అనిపించింది. తర్వాతి చరణం దగ్గర మళ్ళీ బ్రేకు. "జాతమన్నది లేచి పెరిగి" అనా, "జాతియన్నది లేచి పెరిగి" అనా? నా నోటికి జాతమే వస్తోంది, మా ఇంట్లో వాళ్ళంతా జాతి అంటున్నారు. పైన ఉన్న "జాతులు" కులాలా, లేక తెలుగువాళ్ళు ఒరియావాళ్ళు అనే లెక్కలోనా అన్నది కూడా ఎవరైనా చెప్తే నా పేరా ముందుకి కదులుతుంది.

మాత్రల లెక్క:
ఛందస్సుతో తేలుద్దని ఆశ పెట్టుకోకండి, తేలదు. మూడు నాలుగు మూడు నాలుగు మాత్రల నడక. జాత 3, మన్నది 4. జాతి 3, యన్నది 4. రెండూ బుద్ధిగా కూర్చుంటాయి. అసలు గొడవ ఎవరూ చూడని చోట ఉంది, లేచి 3 సరే, పెరిగి కూడా 3 యే, ఒక మాత్ర లోటు. పాడేటప్పుడు పెరిగీ అని సాగదీస్తాం కాబట్టి తట్టదు. నేనైతే అచ్చులోనే దీర్ఘం పడాలంటాను.

విజినారం వాడు:
జాతమే, ఇందులో డౌటేటండీ. జాతం అంటే సమూహం, జీవజాతం, వస్తుజాతం అంటాం కదా. పై చరణంలో జాతులు, బహువచనం, విడివిడి గుంపులు. కింద జాతం, ఏకవచనం, అన్నీ కలిసిన మొత్తం. మహాకవి రెండు మాటలు వేరువేరుగా వాడింది ఊరికే కాదు. జాతులు జాతులుగానే ఉంటాయి, వాటన్నిటితో కలిపి జాతం ఒకటి లేస్తుంది. సమాఖ్య అంటే అదే కదా, మీ పాఠానికి ఇంతకంటే ఏం కావాలి? జాతులు అంటే కులాలు కాదనే నా మాట, ఎందుకంటే మాకు ఆ పక్కనే గంజాం, ఒరియా తెలుగు కలగలిసిన మద్రాసు ప్రెసిడెన్సీ, ఒరియా నేలంతా ఒక్కటవ్వాలనే ఉత్కళ సమ్మేళనం 1903 లోనే మొదలైంది, ఆ గొడవ గాలిలో ఉన్న రోజుల్లోనే ఆయన రాశాడు. 1936లో ఒరిస్సా భాష పేరు మీద విడిపోయింది కూడా, మన ఆంధ్ర రాష్ట్రం కంటే పదిహేడేళ్ళు ముందు.

రిటైర్డ్ సోషల్ టీచర్:
విజినారం బాబూ, మీ ఊరి మీద ప్రేమ మంచిదే కానీ లవణరాజు కల ఒకసారి తిరగెయ్యండి. "మంచి యన్నది మాలయైతే మాల నేనౌదున్". అదే కవి, అదే నడక, అదే స్థానంలో "యన్నది". అలవాటు చొప్పున ఇక్కడా జాతియన్నదే అని ఉంటాడు. అక్కడే దానికి ముందు "ఎంచి చూడగ రెండె కులములు" అన్నాడు, అంటే కులం అనాలనుకున్నప్పుడు కులమనే అన్నాడు. కాబట్టి జాతులు కులాలు కావన్నంత వరకూ మీతో ఒప్పుకుంటా, జాతం మాత్రం ఒప్పుకోను.

అనువాదాల అవస్థ గారూ, మీ పాఠం ఎరిత్రియాతో మొదలుపెట్టండి నాయనా, పిల్లలకి చప్పున ఎక్కుతుంది. 1952లో ఐక్యరాజ్య సమితి తీర్మానం మీద ఎరిత్రియాని ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు, సొంత అసెంబ్లీ, సొంత జెండా, తిగ్రిన్యా అరబిక్ భాషలు. చక్రవర్తి హైలే సెలాసీ ఒక్కొక్కటీ పీకేసుకుంటూ వచ్చాడు, జెండా దించాడు, భాషల చోట అమ్హారిక్ పెట్టాడు, 1962లో సమాఖ్యే లేదు పొమ్మని మామూలు ప్రావిన్సుని చేసేశాడు. ముప్పై ఏళ్ళు యుద్ధం, 1993లో ఎరిత్రియా వేరే దేశం. దేశం ముక్కలవుతుందని భయపడి సమాఖ్యని చెరిపేసినవాడే ముక్క చేశాడు. మిగిలిన దేశం సమాఖ్య ఎందుకు రాసుకుందో చెప్పడానికి ఇంకేం కావాలి.

అనువాదాల అవస్థ:
మేడమ్, అది రాసుకున్నాను. 1955 రాజ్యాంగంలో అమ్హారిక్ ఒక్కటే అధికార భాష అన్న సంగతీ, ఒరోమోవాళ్ళు సంఖ్యలో అంతమంది ఉన్నా వాళ్ళ భాషకి బడిలో చోటు లేకపోవడమూ కూడా పెట్టా. చక్రవర్తి తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వాన్ని 1991లో పడగొట్టింది తిగ్రాయ్, ఒరోమో లాంటి పేర్లతో లేచిన సాయుధ దళాలే కాబట్టి, గెలిచాక వాళ్ళని ఒకే గొడుగు కింద ఉంచాలంటే ఎవరి భాష వాళ్ళది, ఎవరి పాలన వాళ్ళది అని రాసివ్వక తప్పలేదు. ఒరోమో ఆ తర్వాతే రోమన్ లిపితో బడుల్లోకి వచ్చింది. నా తిప్పలు అది కాదు. 39వ ఆర్టికల్లో విడిపోయే హక్కు దాకా ఇచ్చారు, ఎవరికి అంటే ఈ మూడు మాటలవాళ్ళకి, మళ్ళీ అదే ఆర్టికల్ ఐదో క్లాజులో మూడింటికీ కలిపి ఒకటే నిర్వచనం. ఒకే రకమైన సంస్కృతి, పరస్పరం అర్థమయ్యే భాష, మేమంతా ఒకటి అనే నమ్మకం, ఉమ్మడి మనస్తత్వం, ఎక్కువ భాగం కలిసి ఉన్న నేల. నిర్వచనం ఒకటే అయితే మూడు మాటలు దేనికి? అమ్హారిక్‌లో బిహేర్, బిహేరెసెబ్, హిజ్బ్ అని మూడు ఉన్నాయి, నా దగ్గర ఒకటే.

ఎర్ర అట్టల పుస్తకాలు:
ఆ నిర్వచనం ఎక్కడో చూసినట్టు లేదూ? స్టాలిన్ 1913లో జాతుల సమస్య మీద రాసిన దాంట్లోది, భాష, నేల, ఆర్థిక జీవనం, సంస్కృతిలో కనబడే మనస్తత్వం. ఇథియోపియా వాళ్ళు ఆర్థిక జీవనం తీసేసి, నమ్మకం అనేది చేర్చుకున్నారు. అడిస్ అబాబా విద్యార్థి ఉద్యమం 1969 నుంచీ ఈ ప్రశ్న మీదే కొట్టుకుంది, వాలెలిన్ మెకొన్నెన్ అనే కుర్రాడు ఇథియోపియా ఒక జాతి కాదు, చాలా జాతులు అని రాసిన వ్యాసం అక్కడ వాళ్ళకి కంఠతా. మన దగ్గర అదే నిర్వచనం పాతికేళ్ళు ముందే తెలుగులోకి దిగింది. 1942లో కమ్యూనిస్టు పార్టీలో గంగాధర్ అధికారి అనే నాయకుడి పేరు మీద వచ్చిన తీర్మానంలో ఆంధ్రులు ఒక జాతి, 1946లో సుందరయ్య గారి విశాలాంధ్రలో ప్రజారాజ్యం దాని మీదే నిలబడింది. అప్పటి అనువాదకులు నేషన్‌కి జాతి, నేషనాలిటీకి ఒక్కోచోట జాతి, ఒక్కోచోట ఉపజాతి వేశారు. మీ అవస్థ కొత్తదేం కాదు.

అనువాదాల అవస్థ:
ఉపజాతి అంటే నేను ఒప్పుకోలేనండీ. అది రాగానే ఆటవెలదీ తేటగీతీ ముందుకొస్తాయి :) పైగా ఒకడు కింద, ఒకడు పైన అనే వాసన.

మాత్రల లెక్క:
సీసం జాతి పద్యం అనుకునేవాళ్ళున్నారు. సీసం కూడా ఉపజాతే. ద్విపద, తరువోజ జాతి. ఆటవెలది, తేటగీతి ఉపజాతి. గ్రూపులో అన్నా సరిగ్గా చెప్పుకుందాం.

ఓరుగల్లు పోరడు:
అన్నా, ఎర్ర అట్టలన్నా, ఆ నిర్వచనం పట్టుకునే కదా మమ్మల్ని కలిపిండ్రు, భాష ఒకటే, నేల కలిసే ఉంది, గందుకే జాతి ఒకటే అని. 1956ల అయితే అయింది, 2014ల ఏమైంది? భాష మారిందా? మారలే. మా గోస వేరు, చరిత్ర వేరు, నౌకర్ల లెక్క వేరు. రాష్ట్రం కావాలంటే జాతి కావాలనే రూల్ పెట్టుకుంటే ప్రతోడు నేను జాతినే అని నిరూపించుకోవాలె. ఇథియోపియాలో గదే నడుస్తున్నది, దక్షిణాన యాభై ఆరు జాతుల్ని ఒక్క రాష్ట్రంల వేసిండ్రు, సిదామా వాళ్ళు 2019ల ఓటింగ్ పెట్టుకుని 2020ల బయటికొచ్చిండ్రు, తర్వాత ఇంకోటి, ఇప్పుడు ఆ పాత రాష్ట్రమే లేదు. గురజాడ జాతులు అన్నడా జాతం అన్నడా అనేది మీరు తేల్చుకోండి, నాకు రెండు మాటలూ డౌటే.

రిటైర్డ్ సోషల్ టీచర్:
పోరడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బెనిషంగుల్-గుముజ్ అని ఒక రాష్ట్రం, దాని రాజ్యాంగంలో బెర్తా, గుముజ్, షినాషా, మావో, కోమో అని అయిదు పేర్లు రాసి వీళ్ళే ఈ నేల సొంతదారులు అన్నారు. తరాలుగా అక్కడున్న అమ్హారాలూ ఒరోమోలూ ఆ లెక్కలో అద్దెకున్నవాళ్ళు. సమాఖ్య పెద్ద గొడవని చిన్న గొడవలుగా కోస్తుంది, పోవు. అలాగని దేశాన్ని ఒకే భాషతో నడిపిన రోజులు బాగున్నాయని నేను అనను, ఎరిత్రియా కథ చెప్పింది నేనే కదా.

డల్లాస్ నుంచి:
లేట్‌గా వచ్చా, సారీ. జాతి మాట మీద ఇంత చర్చ జరుగుతుంటే రాయప్రోలుని ఎవరూ తీయలేదేంటి? "పొగడరా నీ తల్లి భూమి భారతిని, నిలుపరా నీ జాతి నిండు గౌరవము". ఇక్కడ జాతి ఎవరు? భారతిని పొగడమన్నాక జాతి కూడా భారత జాతే అని మా బళ్ళో చెప్పారు, ఆంధ్రాభిమానం అంత ఉన్న కవి తెలుగు జాతిని మనసులో పెట్టుకోకుండా రాస్తాడా అని నా పాయింటు. 1982లో రామారావు గారు తెలుగు జాతి ఆత్మగౌరవం అన్నప్పుడు కూడా ఆ జాతి ఎవరని ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైపోయింది. కేంద్రం మిథ్య అన్న మనిషి ఆయన, సమాఖ్య మీద తెలుగులో అంత పొట్టి వ్యాసం ఇంకోటి లేదు.

ఎర్ర అట్టల పుస్తకాలు:
పొట్టిదే, తప్పు కూడా. మన రాజ్యాంగంలో ఫెడరేషన్ అన్న మాటే వాడలేదు, యూనియన్ అన్నారు. 1948 నవంబర్ 4న అంబేడ్కర్ కారణం కూడా చెప్పాడు, ఇది రాష్ట్రాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం కాదు కాబట్టి ఎవరికీ విడిపోయే హక్కు లేదు అని. ఇథియోపియా సరిగ్గా తిరగేసి రాసుకుంది, సార్వభౌమత్వం జాతులదే, అవి కలిస్తే దేశం, వద్దనుకుంటే 39.

డల్లాస్ నుంచి:
1994లో రాష్ట్రపతి పాలన మీద వచ్చిన బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఫెడరలిజం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం అన్నది మరి. మాట లేకపోతే వస్తువు లేనట్టేనా?

విజినారం వాడు:
రాయప్రోలు సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం, ఆయనది వేరే స్కూలు. మేడమ్ గారూ, మీ మంచియన్నది ఉదాహరణ మీద నా అభ్యంతరం. మంచికి మంచం ఆప్షన్ లేదు కదండీ అక్కడ! యన్నది పడక తప్పదు. జాతి దగ్గర కవికి రెండు దారులున్నాయి, అందులో తక్కువగా వాడే మాట ఉన్న పాఠమే అసలుదయ్యే అవకాశం ఎక్కువ. జాతాన్ని జాతి చేసేవాడు దొరుకుతాడు, జాతిని పనిగట్టుకుని జాతం చేసేవాడెవడు?

రిటైర్డ్ సోషల్ టీచర్:
గ్రాంథికం మీద మోజున్న ప్రూఫు రీడరు. మా రోజుల్లో అడుగడుక్కీ ఉండేవాళ్ళు.

అనువాదాల అవస్థ:
ప్రస్తుతానికి "జాతులు, జాతి సముదాయాలు, జనులు" అని పెట్టా. రేపటికి ఇచ్చెయ్యాలి.

ఓరుగల్లు పోరడు:
జాతి సముదాయమా? మా దగ్గర సముదాయం అంటే వాణిజ్య సముదాయమే అన్నా, కింద సెల్‌ఫోన్ షాపులు ఉంటయి. జనసమూహాలు అను.

విజినారం వాడు:
సమూహం అంటే జాతమే కదా తమ్ముడూ. మళ్ళీ నా దగ్గరికే వచ్చావు.

మాత్రల లెక్క:
"మతములన్నియు"నా "మతములన్నీ"నా? ఎవరూ అడగలేదు. లన్నియు 4, లన్నీ 4, ఇదీ మాత్రలతో తేలదు.