ఎల్‌పీజీ కారు పొగ పరీక్షలో హైడ్రోకార్బన్ అంకెను ఎలా చదవాలి?

నమస్కారం. మాది పర్లాకిమిడి. 2008 నాటి మా పెట్రోలు కారుకు ఎల్‌పీజీ కిట్టు అమర్చి, ఆర్సీలోనూ ఎక్కించుకున్నాం. మొన్న పొగ పరీక్షలో ఇంజను ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఊరికే నడుస్తూ) ఉండగా కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, హైడ్రోకార్బన్లు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) వచ్చాయి. అయితే యంత్రం పెట్రోలు సెట్టింగులోనే ఉంది, పొగ గొట్టంలో పెట్టిన ప్రోబు (కొలిచే గొట్టం) బయటికి తీసినప్పుడు దాని చివర నీటి చుక్కలు వేలాడుతున్నాయి.

ఇలాంటి యంత్రాలను ప్రొపేన్‌తో సరిచూసి, హైడ్రోకార్బన్లను హెక్సేన్ అనే మరో హైడ్రోకార్బన్ లెక్కలోకి మార్చి చూపిస్తారని చదివాను. ఎల్‌పీజీలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్లే కాబట్టి, ఇంధనం సెట్టింగు మార్చి మళ్లీ కొలిపించాలా, లేక ఈ అంకెనే ఏదైనా గుణకంతో సవరించుకోవచ్చా? ప్రోబులో చేరిన తేమ వల్ల కూడా అంకె మారుతుందా? మా అమ్మగారికి ఉబ్బసం ఉంది కనుక ధ్రువపత్రం చేతికొస్తే చాలనుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.