విరిగింది ఎడమ చెయ్యి, కుడి చేత్తో ఎక్సర్‌సైజ్ చేస్తే లాభముందా?

కొర్లగుంట కుర్రోడు: రేణిగుంట రోడ్డులో బండి జారి ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. (అమ్మ మొదటి రోజే పుత్తూరు కట్టుకు పోదామని పట్టుబట్టింది, అది వేరే కథ.) ఇప్పుడు జిమ్ములో ఒకడు, కుడి చేత్తో బరువులు ఎత్తు, ఎడమ చేతి బలం కూడా నిలుస్తుంది అంటున్నాడు. నేను తింటే మా తమ్ముడి కడుపు నిండుతుందా అని నవ్వేశాను గానీ, నిజంగా ఉందా ఇలాంటిది?

ఫిజియో తిరుపతి: నవ్వద్దు తమ్ముడూ, ఉంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో స్క్రిప్చర్ అనే ఆయన 1894లోనే దీన్ని కొలిచి రాశాడు. కండ పెరగడం వల్ల కాదు, ఇదంతా మెదడులో జరిగే పని: కుడి చేత్తో గట్టిగా బరువు పట్టినప్పుడు మెదడులో ఎడమ చేతిని నడిపే భాగం కూడా కొంత పనిచేస్తుంది, నరాలకు ఆ అలవాటు పడుతుంది. కట్టు లేని మామూలు మనుషుల్లో ఎక్సర్‌సైజ్ చెయ్యని చేతికి సగటున 8 నుంచి 12 శాతం బలం వచ్చినట్టు పరిశోధనలు కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు. బరువు తేలిగ్గా ఉంటే పెద్దగా రాదు. ఎత్తడం కంటే మెల్లగా దించడం దగ్గరే లాభం ఎక్కువ.

చిత్తూరు మామిడి: అయితే ఒంటికాలితో అలిపిరి 3,550 మెట్లూ ఎక్కితే రెండో కాలికీ పుణ్యం దక్కుతుందన్నమాట 😀

ఫిజియో తిరుపతి: జోకు బాగుంది, కాళ్లకూ పనిచేస్తుంది మరి.

కొర్లగుంట కుర్రోడు: నేను పది రోజులుగా బైసెప్స్ మాత్రమే కొడుతున్నా అన్నా.

ఫిజియో తిరుపతి: అక్కడే తప్పు. కుడి చేతిలో ఏ కండతో ఏ కదలిక చేస్తావో, ఎడమ చేతిలో అదే కండకు లాభం. నీకు కావలసింది పిడికిలి పట్టు. మణికట్టు విరిగిన యాభై దాటిన ఆడవాళ్ల మీద కెనడాలో ఒక పరిశోధన చేశారు, బాగున్న చేత్తో పట్టు ఎక్సర్‌సైజ్ చేసినవాళ్లకు 12 వారాలప్పుడు విరిగిన చేతి పట్టు మెరుగ్గా ఉంది, 26 వారాలకు మాత్రం చెయ్యనివాళ్లూ వాళ్లతో సమానమయ్యారు. అంటే తొందరగా కోలుకోవడానికి సాయం, అంతే. కట్టు విప్పాక బిగుసుకున్న కీలును ఎటూ వేరేగా కదిలించుకోవాల్సిందే. మొదలుపెట్టే ముందు నీ డాక్టరుకు ఒక మాట చెప్పు.

కొర్లగుంట కుర్రోడు: సరే అన్నా, రేపు వెళ్లి అడుగుతా. జిమ్ములో వాడికి ఒక టీ బాకీ పడ్డాను.